నిండని మండపం

1వ రోజు

పెద్ద మండపం ఈ ఉదయం తెరిచారు. లోపలిపాలెంలో శబ్దాల తనిఖీ, జనానికి చెవుల పరీక్షలు నా పని. జనం రాకముందే వెళ్ళి, నడిమధ్యన నిలబడి, రెండు చెక్కముక్కలు ఒకసారి టప్పున కొట్టాను. ఆ చప్పుడు పూర్తిగా ఆరిపోవడానికి పదకొండు సెకన్లు పట్టింది.

పొడవు నూట ఇరవై అడుగులు, ఎత్తు యాభై. కోడిగుడ్డును నిలువునా సగానికి కోసి బోర్లించినట్టుంటుంది కప్పు. కొండను లోపల్నుంచి తొలిచి చేసింది కాబట్టి గోడా కప్పూ నేలా అన్నీ రాయే. ఎక్కడా గుడ్డ లేదు, చెక్క లేదు. రాయి శబ్దాన్ని మింగదు, వెనక్కి పంపుతుంది.

ఇరవై రెండేళ్ళుగా మా సభలు ధాన్యం గోదాములో జరిగాయి. కప్పు నెత్తికి తగిలేది, చుట్టూ బస్తాలు. అందరూ ఆ చోటుని తిట్టుకునేవాళ్ళు. ఎవరు ఏం మాట్లాడినా ఆఖరి మనిషికి వినపడేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. ఇప్పుడు ఊళ్ళో ముసలీ ముతకా కలిపి తొమ్మిది వందల మందీ ఒకేచోట కూర్చోగలరు. మేస్త్రి గురువులుగారు తొమ్మిదేళ్ళు తొలిచారు దీన్ని.

మండపం నిండాక నరసాయమ్మ పిన్ని కథ చెప్పింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. మేము ఎండకి తాళలేక కొండలోకి దిగిన కొత్తలో, మా అమ్మ పోయాక, నన్ను తన గదిలో ఉంచుకుంది. ఈ మధ్య గోదాములో ఆవిడ మాట వినపడేది గానీ పాట మూడో వరస దాటేది కాదు. ఇక్కడ జముకు తీగ మీద వేలు ఆన్చి ఒక్క రాగం తీసేసరికి కప్పంతా ఆవిడే అయిపోయింది. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. గురువులుగారు గోడకి వీపు ఆన్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

జనం నిండుగా ఉన్నప్పుడు చప్పుడు ఆరిపోవడానికి మూడు సెకన్లు. మనిషి ఒళ్ళూ బట్టలూ చాలా శబ్దాన్ని మింగుతాయి. వేదిక మీంచి విడివిడి మాటలు వంద చదివించి, వెనక వరసవాళ్ళ చేత రాయించాను. సగటున డెబ్భై ఎనిమిది సరిగ్గా రాశారు. పరవాలేదు.

కిందికి దిగాక పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "విన్నావేటే పైడీ? నాకు ముప్పయ్యేళ్ళు తగ్గిపోనాయి."

6వ రోజు

ఉదయపు సభలో మళ్ళీ పరీక్ష పెట్టాను. ఈ సభకి ఎండ షిఫ్టు వాళ్ళే వస్తారు, రెండు వందల మంది. పైకెళ్ళి సోలార్ పలకలు తుడిచేవాళ్ళు, తలుపులు కాసేవాళ్ళు. ఆ రోజు ఏ తలుపు వాడాలో, ఏ తొట్టి నీళ్ళు తాగాలో వాళ్ళకి నోటితోనే చెబుతారు. కొండరాయిలోంచి రేడియో రాదు. కరెంటంతా గాలిపంకాలకే సరిపోతుంది, కాగితం లెక్కపెట్టి ఇస్తారు. మొదట్నుంచీ ఇదే పద్ధతి.

రెండు వందల మంది ఉన్నప్పుడు చప్పుడు ఆరిపోవడానికి ఆరు సెకన్లు పట్టింది. వెనక వరసలో వంద మాటలకి నలభై నాలుగు.

తప్పు పోయినవి వేరు చేసి చూశాను. పోయేది ఎక్కువగా మాట మధ్యలో ఉన్న పొట్టి అక్షరం. ముందున్న అక్షరం తాలూకు మోత ఇంకా గాల్లోనే ఉంటుంది, దాని కింద ఇది మునిగిపోతుంది. "వెళ్ళకండి" అని చదివితే పదముగ్గురు "వెళ్ళండి" అని రాశారు. అరిచి చదివినా లాభం లేదు, మోత కూడా అంతే పెరుగుతుంది.

గురువులుగారికి చూపించాను. ఆయన కాగితం చివరిదాకా చదివారు.

"నిండితే బాగుందని నువ్వే రాశావుగా."

"నిండితే బాగుంది మేస్త్రిగారూ. ఉదయంపూట నిండదు కదా."

"ఏం చెయ్యమంటావు?"

"వెనక గోడకీ, కప్పులో వెనక సగానికీ మెత్తటిదేదైనా కట్టాలి."

ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టారు. అక్కడ రాయిని అద్దంలా నున్నగా తోమి ఉంచారు. "తొమ్మిదేళ్ళు తోమింది దీనికి ముసుగెయ్యడానికా?" అన్నారు. కోపంగా అనలేదు.

7వ రోజు

పిన్ని నా గదికి వచ్చింది. గురువులుగారు చెప్పారట.

"తవ్వకం పండగ ఇరవై ఒకటో నాడే. మూడు రోజులు కథ చెప్పమన్నారు. అంతవరకూ ఆ గోడలకేమీ కట్టకు పైడీ. ఆ తరవాత నీ ఇష్టం."

"గుడ్డలు కడితే పండగనాటికి విప్పించడం కుదరదు పిన్నీ. అందుకని నేను రాయకుండా ఉండాలా?"

"రెండు వారాలే కదే. నాకు ఇంకెన్ని పండగలుంటాయి?"

నేను పాలెం పెద్దలకి ఇవ్వాల్సిన నివేదికలో అంకె రాసే గడి ఒక్కటే ఉంది: వెనక వరసలో ఎన్ని మాటలు వినపడ్డాయి. డెబ్భై ఎనిమిది అని రాశాను. అది అబద్ధం కాదు. నలభై నాలుగు కూడా అబద్ధం కాదు. దాన్ని ఈ పుస్తకంలోనే ఉంచుకున్నాను.

12వ రోజు

మూడో తొట్టిలో మందు కలిపారు, ఆ నీళ్ళు తాగకండి అని ఉదయం చెప్పారు. పదకొండు మంది తాగారు. వాంతులు. సాయంత్రానికి అందరూ తేరుకున్నారు.

ప్రకటనలు చదివే కామేశ్వరిని పాలెం పెద్ద లింగంనాయుడుగారు పిలిచి, మాటలు నమిలేస్తున్నావని మందలించారు. నాలుగేళ్ళుగా ఆ అమ్మాయి గోదాములో చదివింది, ఒక్క ఫిర్యాదు లేదు. రేపట్నుంచి ఆమెను వంటశాలకి మార్చారు. చదవడానికి గొంతు పెద్దదని ఒక పంకాల మెకానిక్‌ని పెట్టారు.

కామేశ్వరి నన్ను దారిలో ఆపింది. "అక్కా, నేను బాగానే చదివాను. నువ్వు అక్కడే ఉన్నావు కదా. చదివానా లేదా?"

"చదివావు."

"మరి చెప్పవేం?"

పండగ అయ్యాక చెబుతానని అన్నాను. పండగకీ దానికీ సంబంధమేమిటో ఆమెకి అర్థం కాలేదు. అడగలేదు కూడా.

17వ రోజు

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిన్న రాత్రి పైన తూర్పువైపు నిప్పుగాలి లేచింది. ఉదయపు సభలో మెకానిక్ పెద్ద గొంతుతో చదివాడు: "తూర్పు తలుపు ఈ పూట తెరవకండి. పడమటి తలుపు తెరవండి." నేను వేదిక పక్కనే ఉన్నాను. నాకు స్పష్టంగా వినపడింది.

తూర్పు తలుపు కాసేది సింహాద్రి. తలుపు కాసేవాళ్ళు ఎప్పుడూ ఆఖరి వరసలో నిలబడతారు, ముందుగా బయల్దేరాలి కాబట్టి. ఏడుంబావుకి అతను లోపలి తలుపు వేసి, బయటి తలుపు గడియ తీశాడు. గాలి రెక్కని నెట్టేసింది. అతని వెనక ఇద్దరు పలకలు తుడిచేవాళ్ళున్నారు. వాళ్ళని లోపలి తలుపు సందులోంచి తోసేసి, మళ్ళీ దాన్ని బయట నిలబడే మూశాడు. మూయకపోతే గాలి తూర్పు గదుల్లోకి వచ్చేది. అక్కడ పసిపిల్లల బడి ఉంది.

ఆ ఇద్దరికీ చేతులూ మొహాలూ కాలాయి, బతుకుతారు. సింహాద్రి బతకలేదు. నలభై ఒక్క ఏళ్ళు.

18వ రోజు

పాలెం పుస్తకంలో ఇలా రాశారు: "ప్రకటనను అశ్రద్ధగా విన్నందున తూర్పు తలుపు కావలి సింహాద్రి మరణించాడు." కింద లింగంనాయుడుగారి సంతకం. పండగ వాయిదా వేశారు.

19వ రోజు

సింహాద్రి భార్య గౌరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె గాలిపంకాల గుడ్డ జల్లెళ్ళు కుట్టే పనిలో ఉంటుంది. నేను వెళ్ళేసరికి కుడుతూనే ఉంది. పక్కన వాళ్ళ అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"మా ఆయనకి చెవులు బాగానే వినపడేవమ్మా," అంది గౌరమ్మ, తలెత్తకుండా. "పక్క వీధిలో పంకా రెక్క వదులైతే ఇక్కడ్నుంచే చెప్పీవోడు. అశ్రద్ధ అని రాసీసినారు. నువ్వు చెవుల పరీక్ష చేసేదానివి కదా. ఎన్నిసార్లు చేసినావు ఆయనకి?"

"నాలుగుసార్లు."

"ఏమైనా తేడా ఉందా?"

"లేదు."

ఆ తరవాత చెప్పాను. ఆరో రోజు పరీక్ష, నలభై నాలుగు, ఏడో రోజు నేను రాసింది. వరసగా చెప్పాను. చెబుతుంటే సూది ఆగింది. ఆమె కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

"ఈ మాట నాకు చెప్తే ఏం లాభం? వాళ్ళ ముందర చెప్పు," అంది. సూది మళ్ళీ కదిలింది.

20వ రోజు

పిన్నికి చెప్పాను. నేను అంకె దాచింది ఆవిడ అడిగినందుకేనని, పెద్దలని నేనడిగిన విచారణ ఎల్లుండి ఉందని, అందులో ఆ సంగతి కూడా రావచ్చని.

"రానీ. నేనడిగిన మాట నిజమే," అంది. "కానీ నన్ను చూపించి నువ్వు తప్పుకోకు. నేను ముసల్దాన్ని, పాటమనిషిని, ఆశపడ్డాను. నాకు అంకెలు తెలవవు. నీకు తెలుసు. రాసింది నువ్వు."

అవునన్నాను.

జముకు ఒళ్ళో పెట్టుకుని ఆవిడే అంది: "మొదటిరోజు నేను చెప్పింది ఏ కథో తెలుసా?"

"రాగం గుర్తుంది."

"ఏడుగురు తెలివితక్కువ అన్నదమ్ముల కథ. నవ్వులాట. గోదాములో చెప్తే పొట్టలు పట్టుకునీవోళ్ళు. మండపంలో అందరూ ఏడ్చారు. నాకు అప్పుడే తెలియాల. రాగం తీస్తే మాట ఎవరికీ అందలేదు. మోత విని ఏడ్చారు." జముకుని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టింది. "నాకు గొంతు తిరిగొచ్చిందని సంబరపడ్డాను గానీ."

22వ రోజు

విచారణ. మండపంలోనే పెట్టమని అడిగాను. రెండు వందల మందే ఉండాలని కూడా అడిగాను. పెద్దలు ఐదుగురు ఎప్పుడూ వేదిక దగ్గర కూర్చుంటారు. వాళ్ళని ఆఖరి వరసలో కూర్చోబెట్టాను. లింగంనాయుడుగారికి అది నచ్చలేదు, అయినా కూర్చున్నారు.

వంటశాల నుంచి కామేశ్వరిని పిలిపించి ఇరవై వాక్యాలు చదివించాను. పది చెయ్యమని, పది వద్దని. కలగాపులగంగా. వెనకున్న ఐదుగురూ ఏం చెయ్యాలో పలక మీద రాయాలి. ఐదుగురు, ఇరవయ్యేసి. వంద జవాబుల్లో ముప్పయ్యెనిమిది తప్పు. లింగంనాయుడుగారివి తొమ్మిది.

ఆయన పలక వంక చూసుకుంటూ, "మళ్ళీ చదివించు," అన్నారు. మళ్ళీ చదివించాను. ఈసారి ఆయనవి పది తప్పు.

ఆ తరవాత పెద్దలు వేదిక దగ్గరికి వచ్చాక, నా పుస్తకం తెరిచి ఆరో రోజూ ఏడో రోజూ రాసింది చదివాను. పిన్ని పేరు చదవలేదు. ఆవిడే లేచి చెప్పింది. అంత దూరం నుంచి ఏం చెప్పిందో ఎవరికీ అర్థం కాలేదు, దగ్గరికి రమ్మని మళ్ళీ చెప్పించుకున్నారు.

ఇరవై రోజుల్లో ఒక మనిషి చనిపోయి, ఇద్దరు కాలి, పదకొండు మంది జబ్బుపడితే, ముందే తెలిసిన మనిషి నోరు మూసుకుని ఉందని పెద్దలు అన్నారు. నిజమే. నన్నేం చెయ్యాలో గౌరమ్మని ముందుకి పిలిచి అడిగారు.

గౌరమ్మ నన్ను చూడలేదు. "ఈమెని తీసేస్తే దీన్ని బాగుచేసేదెవరు? ముందు బాగుచెయ్యమనండి. క్షమించినానని కాదు. ఆ సంగతి ఇప్పుడు అడక్కండి," అంది.

సింహాద్రి గురించి పుస్తకంలో రాసిన మాట సంగతి ఎవరూ ఎత్తలేదు. మండపం సంగతి తేలాక సభ ముగిసిందన్నారు. వెనక వరసకి తిరిగి వెళ్ళిన గౌరమ్మ అక్కడ్నుంచి ఏదో అంది. వేదిక దాకా రాలేదు.

26వ రోజు

ఇంటికో పాత బొంత ఇమ్మని అడిగాం. రెండు వందల నలభై గడపలు, మూడు వందల పది బొంతలు వచ్చాయి. కొండలో చలి ఉండదు కాబట్టి చాలామంది వాటిని అడుగున పరుచుకుంటున్నారు. చిరుగులు పిన్ని ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి కుట్టింది. ఒక్కొక్క బొంత మందం మూడు వేళ్ళు. రాతికి ఆన్చి కట్టకూడదు. గోడకీ బొంతకీ మధ్య జానెడు ఖాళీ ఉంటే లావు గొంతుల మోతని కూడా మింగుతుంది.

కొక్కేలు దించడానికి రాతికి బెజ్జాలు కొట్టాలి. గురువులుగారిని పిలవడానికి మొహమాటపడి కుర్రవాళ్ళ చేత మొదలుపెట్టించాను. మొదటి దెబ్బకే ఆయన వచ్చారు.

"అక్కడ కొడితే పగులు కప్పుదాకా పోతుంది," అని ఉలి అందుకున్నారు. "పక్కకి జరుగు."

రోజంతా ఆయనే కొట్టారు, నలభై బెజ్జాలు. నున్నగా తోమిన చోట కూడా. భోజనం దగ్గర అడిగారు: "ఆరో రోజు నువ్వు చూపించినప్పుడు నేను ఒప్పుకుని ఉంటే?"

"ఆరో రోజు మీరొద్దన్నా నేను రాసి ఉండొచ్చు మేస్త్రిగారూ."

"అది నీ లెక్క. నాది నేనడుగుతున్నాను."

ఆయన చెయ్యి కడుక్కుని లేచారు. సాయంత్రానికి ఇంకో ఆలోచనతో వచ్చారు. బొంతలని శాశ్వతంగా బిగించేయకుండా తాళ్ళ మీద వేలాడదీస్తే, నిండు సభ ఉన్నప్పుడు పక్కకి లాగేయొచ్చు. ఉదయంపూట పరుచుకోవచ్చు. అది నాకు తట్టలేదు.

38వ రోజు

పని పూర్తయింది. రెండు వందల మందితో, బొంతలు పరిచి కొలిచాను: ఒక సెకను, దాని మీద ఇంకో పావు. వెనక వరసలో వందకి తొంభై నాలుగు మాటలు. రెండుసార్లు చేశాను.

పిన్నిని పిలిచి ఇప్పుడు పాడి చూడమన్నాను. వేదిక ఎక్కి నిలబడి గొంతెత్తింది. సన్నగా, అక్కడక్కడ చీలుతూ వచ్చింది. ఆవిడ వయసెంతో గొంతు కూడా అంతే. అది విని ఆవిడ ఆగింది. తాడు లాగించనా అని అడిగాను.

"ఒద్దు. వొగ్గీ, అలాగే ఉండనీ," అని, పాట మానేసి కింద మెట్టు మీద కూర్చుని మామూలుగా మాట్లాడుతున్నట్టు ఒక కథ చెప్పింది. ఎండ షిఫ్టు వాళ్ళు తాళ్ళు సర్దుతూ విన్నారు. పది నిమిషాలకి తాళ్ళు వదిలేసి కూర్చున్నారు. నవ్వాల్సిన చోట నవ్వారు, ఒకచోట ఎవరో "అయ్యో" అన్నారు. కామేశ్వరి మళ్ళీ తన పనిలోకి వచ్చింది. రేపట్నుంచి చదువుతుంది.

నన్ను ఇంకేం చెయ్యాలన్నది పెద్దలు ఇంకా తేల్చలేదు.

39వ రోజు

ఉదయపు సభ. తూర్పు తలుపు కావలి పని గౌరమ్మ అడిగి తీసుకుంది. ఆఖరి వరసలో, పైకి వెళ్ళే మందపు కోటు వేసుకుని నిలబడింది. కామేశ్వరి నాలుగు ప్రకటనలు చదివింది. చదివినది తలుపు కావలివాళ్ళు తిరిగి చెప్పాలన్నది కొత్త నియమం. గౌరమ్మ చెప్పింది. వేదిక మీదికి బాగా వినపడింది.

ఇక అందరూ కదులుతున్నారు.

"నాయుడుగారూ," అంది గౌరమ్మ. గొంతు పెంచలేదు. అక్కడ్నుంచి మాట్లాడితే వేదికకి అందుతుందని ఆమెకి కూడా అప్పుడే తెలిసినట్టుంది, ఒక్క క్షణం ఆగింది. "మా ఆయనది అశ్రద్ధ అని రాసీసిన మాట ఎప్పుడు కొట్టేస్తారు?"

లింగంనాయుడుగారు పక్కనున్న పెద్దవైపు వంగి, "ఇప్పుడా ఈ గోల," అన్నారు. చిన్నగానే అన్నారు. అది కూడా ఆఖరి వరసకి వినపడింది. రెండు వందల మంది ఆగిపోయారు.

"గోల కాదండీ. అడుగుతన్నాను," అంది గౌరమ్మ.

"చూద్దాంలే అమ్మా."

"చూద్దాం అంటే ఏ రోజు?"

ఆయన జనం వంక చూశారు. నా వంక కూడా చూశారు. నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, బొంతలన్నీ పరిచే ఉన్నాయి. పుస్తకం తెమ్మన్నారు. తెచ్చాక, అందరూ చూస్తుండగా పద్దెనిమిదో రోజు పేజీ తీసి ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశారు. కింద ఏం రాయాలని అడిగారు.

"ఇద్దరిని లోపలికి తోసి తలుపు మూసినాడని రాయండి. జరిగింది అదే కదా," అంది గౌరమ్మ.

ఆయన రాశారు. కలం గీరుకున్న చప్పుడు వెనక వరస దాకా వచ్చిందని ఆ తరవాత నలుగురైదుగురు నాతో అన్నారు. వచ్చే ఉండొచ్చు. నేను కొలవలేదు. గౌరమ్మ కోటు బొత్తాలు పెట్టుకుని తూర్పు తలుపుకి వెళ్ళింది.